జర్మనీలో తెలుగు రూమా, జర్మన్ల మధ్య గదా?

తమ్ముడూ, గుంటూరు నుంచి జర్మనీకి ఎమ్మెస్‌కి వెళ్తున్నావు, ఇంట్లోవాళ్లేమో తెలుగు కుర్రాళ్ల రూమ్‌లోనే ఉండమంటున్నారు, నీకేమో అక్కడివాళ్లతో ఉండాలనుంది, ఇదేగా టెన్షన్? నేనూ బెజవాడ నుంచి వెళ్లి అక్కడ చదివినవాణ్ణే. అక్కడివాళ్లుండే వేగేలో (WG, కలిసి అద్దెకుండే ఇల్లు) గది చూసుకో. అంటే తలా ఒక గది, వంటిల్లు, బాత్రూమ్ అందరికీ కలిపి.

గది ఇచ్చేముందు ఆ ఇంట్లో ఉంటున్నవాళ్లు పిలిచి మాట్లాడతారు, అచ్చం పెళ్లిచూపులే, కంగారు పడకు. చాలా ఇళ్లలో వంటింటి గోడ మీద పుట్స్‌ప్లాన్ అని ఒక కాగితం ఉంటుంది, ఏ వారం ఎవరు ఏం శుభ్రం చేయాలో రాసి. నీ వంతు ఎగ్గొడితే మొహం మీదే అడిగేస్తారు, కాసేపటికి వాళ్లే కాఫీ తాగుదామా అంటారు, మనలాగా మనసులో పెట్టుకుని మూతి ముడుచుకోవడం తక్కువ. రాత్రి 10 దాటాక చప్పుడు చేయకూడదు, ఆదివారం షాపులు దాదాపు అన్నీ మూసేస్తారు, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు పారేయకు, సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వేస్తే చాలావాటికి ఒక్కోదానికి 25 సెంట్లు వెనక్కి వస్తాయి.

భాష సంగతి, నువ్వు తడబడగానే వాళ్లు ఇంగ్లీషులోకి మారిపోతారు, కాబట్టి భోజనాల దగ్గర జర్మన్‌లోనే మాట్లాడమని మొదటి రోజే చెప్పేయి. మన మిరపకాయల పోపు మాత్రం కిటికీ తెరిచి పెట్టు, లేకపోతే ఇల్లంతా దగ్గే!

అమ్మావాళ్లకి చెప్పు, తెలుగువాళ్లు ఎక్కడికీ పోరు, వారాంతాల్లో కలవొచ్చు. ఒక్కటి మర్చిపోకు: అక్కడి మున్సిపల్ ఆఫీసులో అడ్రస్ నమోదుకి గది అద్దెకిచ్చినవాళ్లు సంతకం చేసిన కాగితం కావాలి, అది ఇస్తామని రాసివ్వనిదే అడ్వాన్స్ పంపొద్దు.