స్లాట్ చెడిందని తేల్చే ముందు

చిరంజీవి మేనల్లుడికి, సికింద్రాబాద్ నుంచి మామయ్య ఆశీస్సులతో రాయునది.

నీ కంప్యూటర్‌లో 8 జీబీ ర్యామ్‌లు రెండు ఉన్నా 8 జీబీ మాత్రమే కనిపిస్తున్నదనీ, ప్రాసెసర్‌కు దూరంగా ఉన్న రెండు ర్యామ్ స్లాట్లూ పనిచేయడం లేదనీ, మీ కాకినాడ మెకానిక్ మదర్‌బోర్డు పోయిందని తేల్చేశాడనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. పాతికేళ్లుగా ఇక్కడి కంప్యూటర్ దుకాణాల సముదాయం చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లు ఎక్కి దిగుతున్న అనుభవంతో చెబుతున్నాను, ఆ మాటను అప్పుడే నమ్మకు.

ఒక్క స్లాటే పనిచేయకపోతే దోషం స్లాట్‌లో ఉందని అనుమానించవచ్చు. పక్కపక్కన ఉన్న రెండూ ఒకేసారి మూగబోతే, ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న దారిలో, అంటే ఒకే ఛానెల్‌లో, అడ్డు పడిందని అర్థం. ఆ దారి ప్రాసెసర్ దాకా వెళుతుంది, ఎందుకంటే మెమరీని నడిపే కంట్రోలర్ ఇప్పుడు మదర్‌బోర్డు మీద లేదు. ఏఎండీ 2003లోను, ఇంటెల్ 2008లోను దానిని ప్రాసెసర్‌లోకే తెచ్చేశాయి. నీ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ 1700 పిన్నుల ఇంటెల్‌ది. వాటిలో ఒక్క పిన్ను వంగినా, ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ స్క్రూలు ఒకవైపు ఎక్కువగా బిగిసి ప్రాసెసర్ సమంగా కూర్చోకపోయినా, ఒక ఛానెల్ మొత్తం మాయం కావచ్చు. ఆ మధ్య కూలర్ మార్పించుకున్నావని కూడా విన్నాను కనుక నా అనుమానం ముందు అటే పోతున్నది.

అయినా క్రమం తప్పకుండా పరీక్షించు. కరెంటు ప్లగ్గు తీసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుని, తరువాతే చెయ్యి పెట్టు. ముందుగా పనిచేస్తున్న ఒకే స్లాట్‌లో రెండు ర్యామ్‌లనూ విడివిడిగా పెట్టి చూస్తే ర్యామ్ సంగతి తేలుతుంది. ఆ తరువాత మంచిదని తేలిన ర్యామ్‌ను ఒక్కొక్క స్లాట్‌లోకి మార్చుకుంటూ వెళ్లు. నాలుగు స్లాట్ల బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండవదీ నాలుగవదీ ముందు నింపాలి. కొన్ని బోర్డులు ఒంటరి ర్యామ్‌ను మొదటి స్లాట్‌లో ఒప్పుకోవు, కాబట్టి మాన్యువల్ పక్కన పెట్టుకో. కంప్యూటర్ తొలి సెట్టింగులుండే బయోస్‌లో, ర్యామ్ వేగం పెంచే ఎక్స్ఎంపీని ఆపివేసి మామూలు వేగంతోనే పరీక్షించు. వేగం పెంచినప్పుడు మాత్రమే వచ్చే తప్పులు స్లాట్ దోషాలు కావు. నీ ర్యామ్ కొత్త తరం డీడీఆర్5 అయితే ర్యామ్ మార్చిన ప్రతిసారీ తెర కొన్ని నిమిషాలు నల్లగా ఉండవచ్చు, కంగారుపడి ప్లగ్గు పీకేయకు. మీ ఊరి సముద్రపు గాలికి ర్యామ్ కాళ్ల మీద మకిలి పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి పెట్టు. పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మా తరం అలవాటు. దాని పొడి స్లాట్‌లో రాలితే ఉన్న చిక్కుకు మరొకటి తోడవుతుంది.

అప్పటికీ ఆ రెండూ పలకకపోతే కూలర్ విప్పి, ప్రాసెసర్‌ను నిటారుగా పైకి తీసి, సాకెట్‌ను సెల్‌ఫోన్ వెలుగులో ఏటవాలుగా చూడు. వంగిన పిన్ను మీద వెలుగు పక్కవాటికంటే వేరుగా మెరుస్తుంది. పిన్నులన్నీ సరిగా ఉంటే ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే థర్మల్ పేస్టు కొత్తగా వేసి, స్క్రూలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించి మళ్లీ చూడు. ఇంతటితోనే బాగుపడిన యంత్రాలు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి. పిన్ను వంగి ఉంటే మాత్రం సూదితో సరిచేయబోకు; చెయ్యి తిరిగినవాడికి చూపించు, ఎందుకంటే వంగిన పిన్నును భౌతిక నష్టంగా లెక్కగట్టి వారంటీ ఇవ్వరు.

పిన్నులు బాగుండి, వేరే ప్రాసెసర్ పెట్టినా స్లాట్లు పలకకపోతే, అప్పుడు బోర్డుదే తప్పు. మన దేశంలో చాలా బోర్డులకు 3 ఏళ్ల వారంటీ ఉంటుంది. సర్వీసు సెంటర్‌కు పంపేముందు సాకెట్‌ను, సీరియల్ నంబరు స్టిక్కర్‌ను, బోర్డు రెండు వైపులనూ తేదీ కనిపించేలా ఫొటోలు తీసుకో. సాకెట్ మీద ప్లాస్టిక్ మూత తప్పక పెట్టు. ఒకసారి నేను మూత లేకుండానే ఒక సర్వీసు సెంటర్‌కు బోర్డు ఇచ్చాను. వారం తరువాత పిన్నులు వంగి ఉన్నాయని తిప్పి పంపారు. ఇచ్చినప్పుడు బాగున్నాయని చూపడానికి నా దగ్గర ఒక్క ఫొటో కూడా లేక, కస్టమర్‌కు నా డబ్బుతోనే బోర్డు కొనిచ్చాను. మీ అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది.

ప్రాసెసర్, ర్యామ్, ఎస్ఎస్‌డీ నీ దగ్గరే ఉంచుకో. సర్వీసు సెంటర్ వాళ్లు రాసే జాబ్ షీట్ మీద “ర్యామ్ ప్రాబ్లమ్” అని రాయనివ్వకు. ఏ స్లాట్లు, ఏ ర్యామ్‌తో, ఏ ప్రాసెసర్‌తో, ఏ బయోస్ వెర్షన్‌లో పనిచేయలేదో రాయించి, సాకెట్ పిన్నులు సరిగా ఉన్నట్టు అక్కడి మనిషి చేతనే నమోదు చేయించు. ఒకే స్లాట్‌లో పరీక్షించి “దోషం లేదు” అని తిప్పి పంపే వీలు వాళ్లకు అప్పుడు ఉండదు. ఫోనులో మాట్లాడిన ప్రతిదాన్నీ అదే రోజు ఈమెయిల్‌లో రాసి పంపు. కోపం చూపకు, తేదీలు చూపించు. కారణం లేకుండా తిరస్కరిస్తే, ఆ తిరస్కారాన్ని రాతలో అడిగి తీసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చెయ్యి. అక్కడా తేలకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే 2 ఏళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షలు దాటదు కనుక రుసుము కూడా లేదు.

ఇంకొక్క మాట మరిచాను. బోర్డు మారితే విండోస్ యాక్టివేషన్ పోవచ్చు, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ అడుగుతుంది. ఆ కీని ఇప్పుడే కాగితం మీద రాసుకో. మార్చి ఇచ్చే బోర్డు చాలాసార్లు బాగుచేసినదే ఉంటుంది కనుక, అందుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే సాకెట్‌నూ, జాబ్ షీట్ మీద కొత్త సీరియల్ నంబరునూ చూసుకుని, ఇంటికి వచ్చిన రోజే నాలుగు స్లాట్లనూ పరీక్షించు. సాకెట్ ఫొటో తీయగానే నాకు పంపు.

ఆశీస్సులతో,
మామయ్య