ఎనిమిది తీగల గిటార్ కొనేముందు

బ్రాడీపేట, గుంటూరు

అమ్ములూ,

ఎనిమిది తీగల గిటార్ కొనుక్కుంటానని నువ్వు పంపిన మూడు ఫొటోలూ చూశాను. మూడూ బాగున్నాయి. మూడిట్లో ఏదీ ఇప్పుడు కొనొద్దు.

మొహం ముడుచుకోకు. ఎనిమిది తీగల మీద నాకేమీ చిన్నచూపు లేదు. మెషుగ్గా అనే మెటల్ (హోరెత్తే రాక్ సంగీతం) బ్యాండు వాళ్ళు వాయించేది విన్నాను. గిటారిస్టు తోసిన్ అబాసి బొటనవేలితో లావు తీగల్ని కొట్టే తీరు చూసి, ఈ వయసులో కూడా కాసేపు నోరు తెరుచుకుని కూర్చున్నాను. కానీ వాళ్ళు ఎనిమిది తీగలు తెచ్చుకున్నది వాయించే సంగీతానికి ఆరు చాలకే. తీగలు ముందు కొనుక్కుని సంగీతం తర్వాత వెతుక్కోలేదు.

ఎప్పుడైనా తీగ పెరిగిందంటే దాని వెనక ఒక అవసరం ఉంటుంది. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌నే తీసుకో. పాశ్చాత్య మాండలిన్‌కి నాలుగు జతల తీగలుంటాయి. జంట తీగల మీద గమకం సరిగ్గా పలకదు, కింది స్థాయి కూడా చాలదు. అందుకని ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ మీద ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. అమెరికాలో జాజ్ వాయించే జార్జ్ వాన్ ఎప్స్ 1930ల చివర్లోనే ఏడు తీగల గిటార్ చేయించుకున్నాడు, కార్డ్స్ (ఒకేసారి కలిపి పలికించే స్వరాలు) కింద బేస్ కూడా తానే పలికించాలని. 1990లో రాక్ గిటారిస్టు స్టీవ్ వాయ్ కోసం ఐబనీజ్ కంపెనీ వాళ్ళు యూనివర్స్ అనే మోడల్ తీశాక ఏడు తీగలు మెటల్ వాళ్ళ చేతికొచ్చాయి. ఎనిమిది తీగలది కంపెనీ మోడల్‌గా రావడానికి 2007 దాకా పట్టింది.

ఇక అసలు సంగతి. ఇంటర్ ఫిజిక్సులో సాగదీసిన తీగ కంపనాల సూత్రం చదివే ఉంటావు. మార్కుల కోసం చదివావు, ఇప్పుడు పనికొస్తుంది. తీగ ఏ శ్రుతిలో పలకాలన్నది దాని పొడవు, బరువు, బిగువు, ఈ మూడూ కలిసి తేలుస్తాయి. మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌కి నట్ (పైన తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి బ్రిడ్జి (కింద తీగలు ఆనే చోటు) దాకా 25.5 అంగుళాలు. గిబ్సన్ కంపెనీ రకాలకి 24.75. లావు తీగని మేము 46 అంటాం, అంటే అంగుళంలో వెయ్యో వంతులు 46. దాన్ని ఈ (E) స్వరానికి, అంటే 82 హెర్ట్జ్‌కి శ్రుతి చేస్తే దాదాపు 8 కిలోల బరువు వేలాడదీసినంత బిగువు ఉంటుంది. అదే తీగని ఏడో తీగ పలికే బీ (B) స్వరానికి దించావనుకో, బిగువు సగానికి కాస్త పైన ఆగుతుంది. తీగ ఫ్రెట్లకి (నెక్ మీద, అంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలకి) తగిలి జరజరమంటుంది. వేలు కొంచెం గట్టిగా నొక్కితే శ్రుతి పైకి పోతుంది. మళ్ళీ మొదటి బిగువు రావాలంటే 61, 62 మందం తీగ వేయాలి. ఏడు తీగల గిటార్ల సెట్లలో ఆఖరి తీగ 59, 62 ఉండేది అందుకే. ఎవరో గాలిలో పెట్టిన లెక్క కాదు.

ఎనిమిదో తీగ పలికేది ఎఫ్ షార్ప్ (F#), 46 హెర్ట్జ్. బేస్ గిటార్ లావు తీగే 41 హెర్ట్జ్. అంటే నువ్వు బ్యాండులో బేస్ వాయించే కుర్రాడి ఇంట్లోకి చొరబడ్డట్టే. 25.5 పొడవులో ఆ శ్రుతి కావాలంటే 82 మందం తీగ కావాలి. అంత లావు తీగ బిరుసుగా ఉంటుంది, స్వరం స్పష్టంగా రాదు. అందుకని పొడవు 27 అంగుళాలకి పెంచుతారు. కొన్నిటికి లావు తీగల వైపు ఎక్కువ పొడవు, సన్న తీగల వైపు తక్కువ ఇచ్చి ఫ్రెట్లు ఏటవాలుగా వేస్తారు. నువ్వు పంపిన రెండో ఫొటో అలాంటిదే. తయారీలో లోపమని నువ్వు రాశావు గానీ కాదు, కావాలనే అలా చేస్తారు.

పొడవు పెరిగితే నీ చేతికి ఏమవుతుందో చూడు. మొదటి నాలుగు ఫ్రెట్లలోనే 8 మిల్లీమీటర్లు ఎక్కువ చాపాలి. ఆరు తీగల నెక్ నట్ దగ్గర 42, 43 మిల్లీమీటర్లు ఉంటే ఎనిమిదిది 55 దాకా ఉంటుంది. నీ చెయ్యి మా అక్క చెయ్యే, చిన్నది. ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కే ఎఫ్ బారీ కార్డ్ పట్టడం ఇంకా రాని చేతికి అది శిక్షే. పైగా వాయించని తీగలు ఊరుకోవు. పక్క తీగ కొడితే అవీ మోగుతాయి. ఆరిటిని అదుపులో పెట్టడానికే కుడి అరచేయి, ఎడమ చూపుడు వేలు నెలల తరబడి నేర్చుకోవాలి.

ఇంకోటి, కానూరు హాస్టల్ గదిలో చిన్న ప్రాక్టీస్ ఆంప్ (యాంప్లిఫయర్) పెట్టి వాయిస్తే ఆ 46 హెర్ట్జ్ నీకు వినపడదు. ఆ చిన్న స్పీకర్‌కి అంత కిందికి దిగే శక్తి లేదు. అసలు స్వరంతో పాటు పలికే పై స్వరాలు, హార్మోనిక్స్, మాత్రం గరగరమంటూ వస్తాయి. ఎనిమిదో తీగ తెగిందా, సెట్ ఆన్‌లైన్‌లో తెప్పించుకునే దాకా గిటార్ గోడకే.

మరేం కొనాలి అంటావు. ఆరు తీగల ఎలక్ట్రిక్ కొను, 25.5 అంగుళాలది, బ్రిడ్జి కదలని రకం. షాపులో దాన్ని హార్డ్‌టెయిల్ అంటారు. ఊగే బ్రిడ్జి ఉన్నది ఇస్తానంటే వద్దను. దాని మీద ఒక తీగ శ్రుతి మారిస్తే మిగతా ఐదూ మారిపోతాయి, నువ్వు ట్యూనింగులు మార్చి చూడాలంటే నరకం. ముందు అకూస్టిక్ నేర్చుకుని తర్వాతే ఎలక్ట్రిక్ ముట్టుకోవాలని ఎవరైనా చెబితే తల ఊపి వచ్చెయ్. అకూస్టిక్ మీద ఆరు తీగలూ కలిసి 70 కిలోల పైన లాగుతుంటాయి, ఎలక్ట్రిక్ మీద 50 లోపే. కొత్త వేళ్ళకి ఆ తేడా చాలా ఎక్కువ. నీకు కావాల్సిన సంగీతం ఎలక్ట్రిక్‌ది అయినప్పుడు చుట్టూ తిరిగి వెళ్ళడం ఎందుకు?

షాపుకి వెళ్ళేటప్పుడు ఏటీఎం కార్డులు మూడు తీసుకెళ్ళు. కార్డు మందం ముప్పావు మిల్లీమీటరు. మూడూ కలిపి పన్నెండో ఫ్రెట్ మీద పెట్టి లావు తీగ కిందికి తోసి చూడు. తీగకి తగిలి ఆగితే యాక్షన్, అంటే ఫ్రెట్ల మీద తీగ ఎత్తు, బాగానే ఉంది. మూడూ సునాయాసంగా దూరిపోయి ఇంకా ఖాళీ ఉంటే ఆ గిటార్ నీ వేళ్ళని ఏడిపిస్తుంది. తర్వాత పన్నెండో ఫ్రెట్‌కి సరిగ్గా పైన తీగ మీద వేలు ఆనించీ ఆనించనట్టు పెట్టి హార్మోనిక్ పలికించు, ఆ తర్వాత అదే ఫ్రెట్ నొక్కి పలికించు. ఫోన్‌లో ట్యూనర్ రెండిటికీ ఒకే చోట ఆగాలి. ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ మీదా ఒక్కొక్కటిగా వాయించు. షాపులో కుర్రాడు విసుక్కుంటాడు, విసుక్కోనీ. నెక్ అంచు వెంట అరచేయి జార్చి చూడు, ఫ్రెట్ చివరలు గీరుకోకూడదు. రంగు, తళుకు చివర చూసుకో.

ఇక్కడి ఎండ సంగతి కూడా గుర్తుపెట్టుకో. మే నెలలో మూసిన కారులో గిటార్ వదిలేస్తే జిగురు మెత్తబడుతుంది, నెక్ వంగుతుంది. బస్సు డిక్కీలో వేయకు, ఒళ్ళో పెట్టుకో. వాయించాక పొడి బట్టతో తీగలు తుడువు. మన బెజవాడ చెమటకి తుడవని తీగలు తుప్పు పట్టడానికి ఎన్నో రోజులు పట్టదు.

ఇప్పుడు ట్యూనింగులు. నువ్వు ఎనిమిది తీగల కోసం వెతుకుతున్న రుచిలో చాలా భాగం ఇక్కడే దొరుకుతుంది, పైసా ఖర్చు లేకుండా.

మామూలుగా లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ (E A D G B E). ఓ నాలుగు నెలలు దీన్ని కదపకు, చేతికి చోట్లు తెలియాలి. ఆ తర్వాత లావు తీగ ఒక్కదాన్ని ఈ నుంచి డీకి దించు. దీన్ని డ్రాప్ డీ అంటారు. నువ్వు వర్ణాల దాకా సంగీతం నేర్చుకున్నావు కాబట్టి డీని షడ్జమం అనుకో. లావు తీగలు మూడూ స ప స అయ్యాయి. ఒక్క వేలు అడ్డంగా పెడితే పవర్ కార్డ్, అంటే షడ్జమ పంచమాలు మాత్రమే ఉండే కార్డ్. నీ మెటల్ పాటల్లో సగం ఇదే.

ఇంకో అడుగు వెయ్. సన్న తీగ ఈని డీకి, దాని పక్క బీని ఏకి దించు. డీ ఏ డీ జీ ఏ డీ (D A D G A D). గిటార్ వాళ్ళు దాన్ని డాడ్‌గాడ్ అని ఒకే మాటగా పలుకుతారు. నీకు మాత్రం అది స ప స మ ప స. గాంధారం లేదు గనక (అంతర గాంధారం ఉండే) మేజరూ కాదు, (సాధారణ గాంధారం ఉండే) మైనరూ కాదు, ఎటైనా తిరుగుతుంది. 1960ల మొదట్లో ఇంగ్లండ్ గిటారిస్టు డేవీ గ్రాహం మొరాకోలో ఊద్ అనే అరబ్బు తీగ వాద్యం సంగీతం విని, దానికి తోడుగా వాయించాలని ఇందులోకి వచ్చాడు. ఖరహరప్రియ, ఆభేరి వాయించి చూడు, విడి తీగలే శ్రుతి వేస్తాయి. మోహనం వాయించాలంటే మాత్రం జీ తీగ మధ్యమమై అడ్డొస్తుంది. దాన్ని అర స్వరం దించి ఎఫ్ షార్ప్ చెయ్. అంతర గాంధారం వచ్చింది, స ప స గ ప స. దీన్నే వాళ్ళు ఓపెన్ డీ అంటారు. హంసధ్వని కూడా హాయిగా వస్తుంది.

ఓపెన్ ఈ అని ఇంకోటి కనిపిస్తుంది నీకు. అందులో మూడు తీగలు పైకి బిగించాలి. ఎందుకు రిస్కు, ఓపెన్ డీలో రెండో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) పెట్టు, అదే వస్తుంది. తీగని దించడంలో ప్రమాదం లేదు, బిగించడంలోనే ఉంది.

శ్రుతి మార్చేటప్పుడు కావాల్సిన స్వరం కన్నా కిందికి దించి, అక్కణ్ణించి పైకి తెచ్చి ఆపు. పైనుంచి దించుతూ ఆపితే రెండు నిమిషాల్లో జారిపోతుంది. ఒక తీగ వదులైతే నెక్ మీద బరువు తగ్గి మిగతావి కొంచెం పెరుగుతాయి, అందుకని ఆరూ రెండుసార్లు చూసుకోవాలి. బిరడా తిప్పుతుంటే టిక్కుమని చప్పుడొస్తే తీగ నట్ గాడిలో ఇరుక్కుందన్నమాట. గాడిలో పెన్సిల్ ముక్కుతో రుద్దు, సరిపోతుంది.

సాధన గురించి కొత్తగా చెప్పేదేం లేదు. ఆదివారం మూడు గంటలు కూర్చునే బదులు రోజూ అరగంట. తాళం వేసే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టు, విసుగొచ్చినా పెంచకు. వేళ్ళ కొసలు రెండు మూడు వారాలు మండుతాయి, ఎడమ చేతి గోళ్ళు తీసెయ్. వీడియోలు చూడు గానీ మనుషులతో కలిసి వాయించు. మన గుంటూరు, బెజవాడల్లో నాకు తెలిసిన మంచి గిటారిస్టులు ఎక్కువమంది చర్చి క్వయర్లలో తయారైనవాళ్ళే. కీబోర్డు ఏ శ్రుతి పెడితే ఆ శ్రుతిలో, పాడేవాళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతూ వాయించడం గదిలో ఒంటరిగా రాదు. మీ కాలేజీలో బ్యాండు ఉంటే రిథమ్ (పాట వెనక లయతో కార్డ్స్) వాయిస్తానని చేరిపో. లీడ్ (ముందు వినపడే స్వరాల వరస) కోసం కొట్టుకునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, రిథమ్‌కి ఎవరూ దొరకరు.

ఏడాది తర్వాత నీకు కింది స్వరాలే ఎక్కువ కావాలనిపిస్తే అప్పుడు కూడా తొందరపడకు. ఇదే గిటార్ మీద 62తో మొదలయ్యే లావు తీగలు వేయించి, ఆరిటినీ కలిపి బీ దాకా దించు. నట్ గాడులు వెడల్పు చేయాలి, నెక్ సరిచూడాలి, ఆ పని నేను చేసి పెడతా. అలా కాక, ఒకే పాటలో కింది బీ కావాలి, పై సన్న తీగ ఈ కూడా కావాలి అనే పరిస్థితి మళ్ళీ మళ్ళీ వస్తే అప్పుడు ఏడు తీగలది కొను. ఎనిమిదోది ఏడు తీగల మీద రెండేళ్ళు వాయించాక మాట్లాడుకుందాం.

బావతో నేను మాట్లాడతాను. గిటార్‌కి పెట్టే డబ్బు కాక కేబుల్, ట్యూనర్, మెత్తటి బ్యాగు, రెండు సెట్ల తీగలకి విడిగా తీసి పెట్టమని చెప్పు. రెండో శనివారం నేనే బెజవాడ వస్తాను. ఏలూరు రోడ్డు దాకా కలిసి వెళ్దాం. పొద్దున్నే వెళ్తే షాపులో జనం ఉండరు, తీరిగ్గా అన్నీ వాయించి చూడొచ్చు.

మీ మావయ్య