రెండు మాక్రోలనూ ఒకే గాటన కట్టారు

ప్రశ్న: 64 బిట్ల ఇంటెల్ ప్రాసెసర్‌పై నడిచే చిన్న కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో మూల భాగం) రాస్తున్నాం. రిజిస్టర్లను (ప్రాసెసర్‌లోని చిన్న నిల్వ గడులను) స్టాక్ అనే మెమరీ భాగంపై దాచే అసెంబ్లీ మాక్రోలు (పేరు పెట్టి వాడుకునే కోడ్ ముక్కలు) రెండున్నాయి: ప్రోగ్రామ్ కెర్నెల్‌ను సేవ కోరే సిస్టమ్ కాల్‌కు సేవ్1, హార్డ్‌వేర్ మధ్యలో వచ్చి పని ఆపే ఇంటరప్ట్‌కు సేవ్2. దాదాపు ఒకేలా ఉన్నాయని పొట్టిదైన సేవ్1ను ఉంచి రెండోది తీసేశాను. కెర్నెల్ చక్కగా బూట్ అవుతోంది. కానీ ప్రోగ్రాములు ఎప్పుడో ఒకసారి తప్పు లెక్కలు చెబుతున్నాయి. ఎందుకు?
– ఎం.టెక్. విద్యార్థి, కాకినాడ

జవాబు: ఆ 'దాదాపు'లోనే ఉంది తిరకాసు. మీరు పంపిన కోడ్‌లో సేవ్1 దాచేది 13 రిజిస్టర్లు, మీరు తీసేసిన సేవ్2 దాచేది 15. తేడా ఆర్‌సీఎక్స్, ఆర్11.

సిస్టమ్ కాల్ చేసే సిస్కాల్ ఇన్‌స్ట్రక్షన్ నడిచినప్పుడు ప్రాసెసరే తిరుగు చిరునామాను ఆర్‌సీఎక్స్‌లో, ఫ్లాగ్‌లను (ప్రాసెసర్ స్థితిని చెప్పే బిట్లను) ఆర్11లో రాసేస్తుంది. పాత విలువలు అక్కడితో సరి. ఆ సంగతి ప్రోగ్రామ్‌కూ తెలుసు కనుక వాటిలో పనికొచ్చేదేదీ ఉంచదు. సేవ్1 రాసినవారు ఆ రెండింటినీ వదిలేసింది అందుకే. టైమర్ ఇంటరప్ట్ అలా చెప్పి రాదు. ప్రోగ్రామ్ ఆర్‌సీఎక్స్‌లో లూప్ లెక్క పెట్టుకుంటూ 4,812వ చుట్టులో ఉండగా వచ్చి పడుతుంది. ఇంటరప్ట్‌ను అందుకునే మీ సి హ్యాండ్లర్ ఆ రిజిస్టర్‌ను చిత్తుకాగితంలా వాడుకుంటుంది. వెనక్కి వచ్చేసరికి లెక్క మరొకటి. ఆ క్షణాన అందులో ఏమీ లేకపోతే ఎవరికీ తెలియదు. మొదటి ఉద్యోగంలో నేనూ ఇదే నిర్వాకం చేసి, నాలుగు రోజులు టైమర్‌నే తిట్టుకున్నాను.

కలపాలంటే పెద్దదాన్ని ఉంచండి. సిస్టమ్ కాల్ దారిలో రెండు పుష్‌లు (స్టాక్‌పై దాచడాలు) దండగే కానీ స్టాక్ ఫ్రేమ్ (దాచినవాటి అమరిక) రెండు చోట్లా ఒకటే అవుతుంది. లినక్స్ పద్ధతీ ఇదే: రిజిస్టర్లు 15, తిరిగి వెళ్లడానికి కావలసినవి 5, కాల్ సంఖ్యకో ఎర్రర్ కోడ్‌కో 1, వెరసి 21 గడులు, 168 బైట్లు.

పేర్లు మాత్రం మార్చండి. సేవ్1, సేవ్2 అని పెడితే ఎవరికైనా కలిపేయాలనే అనిపిస్తుంది! లినక్స్‌లోనూ 'ఎంట్రీ' అన్న ఒకే మాక్రో, సి నుంచి పిలిచే ఫంక్షన్లకూ ప్రాసెసర్ నేరుగా దూకే చోట్లకూ ఏళ్ల తరబడి నడిచింది. 2020 జనవరిలో వచ్చిన 5.5 వెర్షన్‌లో వాటికి 'సిమ్ ఫంక్ స్టార్ట్', 'సిమ్ కోడ్ స్టార్ట్' అని వేర్వేరు పేర్లు తెచ్చారు.

తీసేసిన సేవ్2ను వెనక్కి తెచ్చాక, పేర్ల మార్పును విడి కమిట్‌గా (కోడ్ చరిత్రలో విడి నమోదుగా) పెట్టండి. ముందూ వెనకా ఆబ్జ్‌డంప్ (తయారైన ఫైల్‌లోని ఇన్‌స్ట్రక్షన్ల జాబితా) తీసి, తేడాలు చూపే డిఫ్‌తో పోల్చండి. ఒక్క ఇన్‌స్ట్రక్షన్ తేడా వచ్చినా అది పేరు మార్పు కాదు. ఆ తర్వాతే కలపండి. పదిహేను రిజిస్టర్లలోనూ తెలిసిన చిన్న సంఖ్యలు నింపి, వాటిని ఆగకుండా సరిచూసుకుంటూ తిరిగే ప్రోగ్రామ్ ఒకటి అసెంబ్లీలోనే రాసుకోండి. దాన్ని ముందు ఇప్పుడున్న చెడిన కెర్నెల్‌పైనే నడపండి. అక్కడ తప్పు పట్టలేదంటే ముందు సరిచేయాల్సింది ఆ ప్రోగ్రామ్‌నే.