పచ్చళ్ళ షాపుకి షాపిఫైనా, వూకామర్సా? బరంపురం నుంచి నా అనుభవం

పర్లాకిమిడి నుంచి అడిగారు కదా, అమ్మగారు పెట్టే పచ్చళ్ళు, అప్పడాలు ఇన్నాళ్ళూ వాట్సాప్‌లోనే అమ్మాం, సొంత సైట్‌కి షాపిఫై (నెల అద్దెకి రెడీమేడ్ ఆన్‌లైన్ షాపు ఇచ్చే సర్వీసు) తీసుకోవాలా, సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ మీద వూకామర్స్ (దానికి అమ్మకాల భాగం) వేసుకోవాలా, హోస్టింగ్ (సైట్ ఉండే సర్వర్ అద్దె) సంగతేంటి అని. మాది బరంపురం, మా ఇంట్లోనూ ఇదే వ్యాపారం, నేను రెండూ వాడాను. ముందు మీ పాత వాట్సాప్ ఆర్డర్లు తిరగేసి, ఏ పిన్‌కోడ్‌కి ఎన్ని పార్శిళ్ళు వెళ్ళాయో రాసుకోండి. రెండిట్లో ఏది మీకు సరిపోతుందో అక్కడే సగం తేలిపోతుంది.

ఎందుకంటే మనది ఒడిశా-ఆంధ్రా సరిహద్దు. నేను మొదట షాపిఫైలో పెట్టాను, అందులో డెలివరీ జోన్లు రాష్ట్రాల వారీగా ఉంటాయి. డెలివరీకి ఒడిశాకి 60 రూపాయలు, ఆంధ్రాకి 120 అని పెట్టేసరికి ఎక్కడో సుందర్‌గఢ్ వాళ్ళకి 60, గంటలో వెళ్ళొచ్చే ఇచ్ఛాపురం వాళ్ళకి 120 పడింది. ఇచ్ఛాపురంలో మా పిన్ని ఫోన్ చేసి, బస్సులో నేనే వచ్చి పట్టుకెళ్తాలేరా అంది. మీకు పాతపట్నంతో ఇదే గొడవ వస్తుంది. వూకామర్స్‌లో 532* అని (అంటే 532తో మొదలయ్యే పిన్‌కోడ్‌లన్నీ) ఒక జోన్ రాస్తే శ్రీకాకుళం వైపంతా అందులోకి వచ్చేస్తుంది. బరువుని బట్టి ఛార్జీ కావాలంటే మాత్రం విడిగా ప్లగిన్ (అదనంగా జోడించే సాఫ్ట్‌వేర్) వేసుకోవాలి, గాజు సీసాల్లో పంపేవాళ్ళకి అది తప్పదు.

డబ్బు సంగతి. షాపిఫై వాళ్ళ సొంత పేమెంట్ సర్వీసు మన దేశంలో లేదు, కాబట్టి రేజర్‌పే లాంటి గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసి మనకిచ్చే సర్వీసు) పెట్టుకోవాలి, ఆ గేట్‌వే కమిషన్ కాకుండా బేసిక్ ప్లాన్‌లో షాపిఫైకి ఇంకో 2 శాతం పోతుంది. 500 రూపాయల ఆవకాయ మీద 10 రూపాయలు, నెల అద్దె వేరే. వూకామర్స్ ఉచితం, కానీ హోస్టింగ్, అప్‌డేట్లు, బ్యాకప్ అన్నీ మన నెత్తినే. ఇంట్లో ఆ పని చూసేవాళ్ళు ఎవరూ లేకపోతే ఆ 2 శాతం పోయినా షాపిఫైయే నయం, ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

హోస్టింగ్‌లో నేను బాగా దెబ్బతిన్నాను. "అన్‌లిమిటెడ్" అని రాసి ఉన్న చౌక షేర్డ్ ప్లాన్ (ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునేది) తీసుకున్నాను. మే నెలలో, సరిగ్గా కొత్తావకాయ ఆర్డర్లు జోరుగా వచ్చే రోజుల్లో, సైట్ తెరిస్తే 508 ఎర్రర్, అంటే వాడకం పరిమితి దాటిందని. స్థలం అన్‌లిమిటెడే, సర్వర్ మీద ఒకేసారి ఎన్ని ప్రాసెస్‌లు (పనులు) నడవాలన్న దానికి మాత్రం పరిమితి ఉంది. మామూలు పేజీలను క్యాష్ చేసి (ముందే తయారుచేసి దాచి) పెట్టొచ్చు గానీ కార్ట్, చెకౌట్ పేజీలు ప్రతి మనిషికీ అప్పటికప్పుడు తయారవ్వాలి, భారమంతా అక్కడే. అందుకే ప్లాన్ కొనేముందు ఈ పరిమితి ఎంత, రోజూ బ్యాకప్ ఉందా, సర్వర్ ముంబైలో ఇస్తారా, రెండో ఏడు రెన్యూవల్ ఎంత, ఇవి చాట్‌లో అడిగి స్క్రీన్‌షాట్ దాచుకోండి. మొదటి ఏడాది ధర చూసి మూడేళ్ళకి కట్టేయకండి. డొమైన్ (సైట్ చిరునామా పేరు) మాత్రం సైట్ చేసే అబ్బాయి పేరున కాకుండా మీ పేరున, మీ మెయిల్‌తోనే కొనండి.

జీఎస్టీ గురించి ఒక మాట. అప్పడాలకి పన్ను లేదు, పచ్చళ్ళకి ఉంది. పాతపట్నం నదికి అవతలే అయినా అది వేరే రాష్ట్రం, పన్ను పడే సరుకు పంపితే టర్నోవర్ తక్కువైనా రిజిస్ట్రేషన్ అడుగుతారు, ముందే ఆడిటర్‌ని కలవండి.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టింది యూపీఐ. కస్టమర్ ఫోన్‌లో డబ్బు కడతారు, సిగ్నల్ పోతుంది, మళ్ళీ మన సైట్‌కి తిరిగి రారు. వాళ్ళ ఖాతాలో డబ్బు పోయింది, మన దగ్గరేమో ఆర్డర్ "పెండింగ్", వూకామర్స్‌లో స్టాక్ లెక్క ఆన్ చేసి ఉంటే గంటకి దానంతటదే క్యాన్సిల్. రాయగడ నుంచి ఒకావిడ కూతురి సారెకి కట్టిన ఆర్డర్ అలాగే పోయింది, డబ్బు తిరిగి ఇచ్చినా ఆ బాధ నాకు ఇంకా ఉంది. దీనికి మందు వెబ్‌హుక్, అంటే డబ్బు అందిందని గేట్‌వే నేరుగా మన సర్వర్‌కి కబురు పెట్టడం. ప్లగిన్ వేసినంత మాత్రాన సరిపోయిందనుకోకుండా, గేట్‌వే డాష్‌బోర్డ్‌లోకి వెళ్ళి అది ఆన్ అయి ఉందో లేదో కళ్ళారా చూసుకోవాలి.

సైట్ అందరికీ తెరిచే ముందు ఒక రూపాయి వస్తువు పెట్టి, మీ ఫోన్‌లోనే యూపీఐ కట్టి, కట్టిన వెంటనే బ్రౌజర్ మూసేయండి. ఆర్డర్ "ప్రాసెసింగ్"లోకి మారితేనే లింక్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి.