వేడెక్కగానే ఆగిపోయే అంబాసిడర్: కాయిల్‌ను మూడోసారి మార్చకండి

ప్రశ్న: మా తాతగారు వాడిన 1968 నాటి అంబాసిడర్ మార్క్ 2ను అపురూపంగా చూసుకుంటున్నాం. ఆరు నెలలుగా ఇరవై కిలోమీటర్లు నడవగానే ఇంజిన్ ఆగిపోతోంది. అరగంట తర్వాత మళ్లీ స్టార్ట్ అవుతోంది. స్పార్క్ పుట్టించే కాయిల్ రెండుసార్లు, కండెన్సర్ ఒకసారి మార్చారు. కాయిల్‌కు 12 వోల్టులు వస్తున్నాయని మెకానిక్ మీటరు పెట్టి చూపించారు. ఇదంతా మొదలవడానికి ముందు, దొంగల భయంతో, ఫోన్ నుంచే ఇంజిన్‌ను ఆపగలిగే జీపీఎస్ ట్రాకర్ పెట్టించాం. లోపం ఎక్కడ ఉంటుంది?
– రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీరు ఆఖరున రాసిన ట్రాకర్ దగ్గరే మొదలుపెట్టాలి. పాత కార్ల గురించి నాకు వచ్చే ఉత్తరాలలో ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. కారు మారుతుంది, ఊరు మారుతుంది, ట్రాకర్ ఇంజిన్‌ను ఆపడానికి ఇగ్నిషన్ వైరును కోసి మధ్యలో బిగించిన రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) మాత్రం మారదు.

మెకానిక్ చూపించిన 12 వోల్టులు నిజమే కావచ్చు, కానీ ఆ కొలత వల్ల ఏమీ తేలదు. ప్లగ్గులకు స్పార్క్‌ను పంచే డిస్ట్రిబ్యూటర్‌లో, కాయిల్ కరెంటును కలిపి తెంచే పాయింట్లు తెరుచుకుని ఉన్నప్పుడు కాయిల్ గుండా కరెంటు ప్రవహించదు కనుక, దారిలో ఎంత వదులు జాయింటు ఉన్నా మీటరు పూర్తి వోల్టేజినే చూపిస్తుంది. పాయింట్లు మూసుకున్నప్పుడు కొలిస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. కాయిల్ నిరోధం సుమారు 3 ఓములు అనుకుంటే 12 వోల్టుల వద్ద 4 ఆంపియర్లు ప్రవహించాలి. వేడెక్కిన రిలే కాంటాక్టు, మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు కలిసి మరో 1 ఓము చేర్చితే కరెంటు 3 ఆంపియర్లకు పడిపోతుంది, కాయిల్‌కు 9 వోల్టులే మిగులుతాయి. కాయిల్‌లో నిలవయ్యే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక అది దాదాపు సగానికి తగ్గిపోతుంది. ఆ బలహీనమైన స్పార్క్‌తో ఇంజిన్ నడవలేదు. బానెట్ కింద వేడి తగ్గాక కాంటాక్టు మళ్లీ సరిగా ఆనుతుంది, బండి ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది.

కనుక ఈసారి బండి ఆగగానే, చల్లారక ముందే, ఒక ప్లగ్ వైరు దగ్గర స్పార్క్ చూడండి. నీలంగా, బలంగా వస్తుంటే లోపం పెట్రోలు వైపు ఉన్నట్టు, అది వేరే వ్యవహారం. పసుపురంగులో నీరసంగా వస్తున్నా, అసలు రాకపోయినా, ఇగ్నిషన్ ఆపి, బండిని టాప్ గేరులో కొద్దిగా నెట్టి పాయింట్లు మూసుకునేలా చేయండి. గేరును న్యూట్రల్‌లోకి తెచ్చి, ఇగ్నిషన్ ఆన్ చేసి, రిలేకు వెళ్లే వైరు, తిరిగి వచ్చే వైరు మధ్య మీటరు పెట్టండి. సున్నాకు దగ్గరగా చూపించాలి. వోల్టు, రెండు వోల్టులు కనిపిస్తే దొంగ దొరికినట్టే. కొలత ముగియగానే ఇగ్నిషన్ ఆపేయండి, పాయింట్లు మూసి ఉండగా ఎక్కువసేపు ఆన్‌లో ఉంచితే కాయిల్ కాలిపోతుంది. పాయింట్ల గ్యాప్ 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే సుమారు 0.4 మిల్లీమీటర్లు, ఉందో లేదో కూడా ఒకసారి ఫీలర్ గేజ్‌తో (సందులను కొలిచే పలుచని రేకులతో) చూసుకోండి.

నన్ను ఎక్కువగా భయపెడుతున్నది వోల్టేజి కాదు. ఈ తరహా చవక ట్రాకర్లలో చాలావాటికి ఫ్యాక్టరీ నుంచి వచ్చే పాస్‌వర్డ్ 123456. లోపల ఉన్న సిమ్ నంబరు, ఆ పాస్‌వర్డ్ తెలిసిన వారెవరైనా ఒక్క ఎస్సెమ్మెస్‌తో మీ ఇంజిన్‌ను ఆపేయగలరు. ఇది ఊహాగానం కాదు. 2022 జులైలో అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ ‘సీసా’ (CISA) ఒక వాహన ట్రాకర్ గురించి బహిరంగ హెచ్చరిక జారీ చేసింది. ఆ పరికరంలోని లోపాలను వాడుకుని బయటివారు వాహనం ఎక్కడుందో కనిపెట్టగలరని, ఇంధన సరఫరాను ఆపే ఆదేశాన్ని సైతం పంపగలరని అందులో ఉంది. జాతీయ రహదారి మీద వెనుక లారీ వస్తుండగా మీ ఇంజిన్ ఆగిపోతే ఏమవుతుందో ఆలోచించండి. లక్షల పరికరాలకు ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మడం నా దృష్టిలో నేరంతో సమానం. దాన్ని మార్చాలని ఒక్క మాటైనా చెప్పకుండా బిగించి పంపే దుకాణాలదీ తప్పే, నెలల తరబడి మార్చకుండా ఊరుకునే యజమానులదీ తప్పే. పైగా మీరు ఎప్పుడు ఎక్కడికి వెళ్లారో మొత్తం ఎవరిదో సర్వర్‌లో పేరుకుపోతూ ఉంటుంది.

రిలేను పూర్తిగా తీయించి, కోసిన ఇగ్నిషన్ వైరు స్థానంలో కొత్త వైరు ఒకే ముక్కగా వేయించండి. కారు ఎక్కడుందో తెలియాలనుకుంటే ట్రాకర్‌ను కేవలం బ్యాటరీ కరెంటు మీద, ఫ్యూజుతో ఉంచుకోండి, పాస్‌వర్డ్ ఈరోజే మార్చండి. ఇంజిన్‌ను ఆపే అధికారం మాత్రం దానికి ఇవ్వకండి. దొంగల భయానికి మీ తాతగారి తరం వాడిన ఉపాయం ఇప్పటికీ పనిచేస్తుంది. డిస్ట్రిబ్యూటర్ మూత రెండు క్లిప్పులు ఊడదీసి, లోపలి రోటర్‌ను పైకి లాగి జేబులో వేసుకుని, మూత తిరిగి పెట్టేయండి. బొటనవేలంత ఉండే ఆ ముక్క మీ దగ్గర ఉన్నంతసేపు ఎవరు ఎన్ని వైర్లు కలిపినా ఒక్క ప్లగ్గుకూ స్పార్క్ చేరదు.