గాలి తుపాకీ చేయబూనిన మనవడికి

చిరంజీవి మనవడికి తాతయ్య ఆశీస్సులు.

ప్లాస్టిక్ పైపుకు సైకిల్ పంపు బిగించి, లోపల గాలి నింపి, వాల్వు తిప్పగానే గుండు వదిలే తుపాకీ చేస్తానంటూ నువ్వు పంపిన బొమ్మను చూశాను. కొలతలు శ్రద్ధగానే వేశావు గానీ, ఆ పని మాత్రం వద్దు. పీవీసీ పైపు మీద అచ్చువేసిన ఒత్తిడి అంకె నీటికి ఉద్దేశించింది, గాలికి కాదు. నీరు దాదాపుగా కుదించుకుపోదు కనుక, నీటి పైపు చిట్లిన వెంటనే లోపలి ఒత్తిడి పడిపోతుంది. నొక్కిపెట్టిన గాలి అలా ఊరుకోదు. చిన్న పగులు దొరికినా ఒక్కసారిగా విస్తరించి, పైపును పదునైన పెంకులుగా బద్దలుకొట్టి నలువైపులా విసురుతుంది. ఎండకు పెళుసెక్కిన పాత పైపైతే ప్రమాదం ఇంకా ఎక్కువ.

గాలిని నిలవచేయడం మొదటినుంచీ కష్టమైన పనే. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం వాడిన గిరాండోని గాలి తుపాకీకి ఇనుప గాలితిత్తి ఉండేది. దాన్ని నింపడానికి సుమారు 1500 సార్లు పంపు కొట్టాల్సి వచ్చేది, గాలి కారకుండా తోలు వాషర్లను తడిగా ఉంచాల్సి వచ్చేది. నీ చేతిలో ఉన్నవి రంపం, చాకు, ఆకురాయి, ఉప్పుకాగితం మాత్రమే కాబట్టి, గాలిని నిలవచేయకుండా నొక్కిన క్షణంలోనే వదిలేసే వెదురు తుపాకీ చెయ్యి. ఇది కాగితపు ఉండలు పేల్చే ఆటవస్తువే అయినా, బిరడా, దండం, గొట్టం ఒకదానితో ఒకటి ఎలా అమరాలో దీన్ని చేస్తేనే చేతికి తెలుస్తుంది.

వెదురు ఎంపికలో తొందరపడకు. పచ్చి వెదురు ఆరేకొద్దీ ముడుచుకుని, బెజ్జం కోలగా మారుతుంది, కొన్నిసార్లు నిలువునా చీలుతుంది. అందుకని నీడన బాగా ఆరిన ముక్కనే తీసుకో. రెండు కణుపుల మధ్య 20 సెంటీమీటర్ల తిన్నని భాగం, లోపలి బెజ్జం 1 సెంటీమీటరుకు మించనిది, గోడ మందంగా ఉన్నది సరిపోతుంది. కోసే చోట చుట్టూ టేపు అంటించి, సన్నపళ్ల హాక్సా బ్లేడుతో గొట్టాన్ని తిప్పుతూ కొద్దికొద్దిగా కోస్తే అంచు పీచులు లేవవు. లోపల అంటుకుని ఉండే పల్చని పొరను పుల్లకు చుట్టిన ఉప్పుకాగితంతో పూర్తిగా గీకెయ్యి. వెదురు బెజ్జం రెండు కొసల్లో ఒకేలా ఉండదు. వెడల్పైన కొసను వెనక్కి పెట్టుకుంటే, ఉండ ముందుకు జరిగేకొద్దీ బిగుస్తుంది.

అసలు పనితనమంతా దండంలో ఉంది. ముదురు వెదురు బద్దను గుండ్రంగా చెక్కు. అది బెజ్జం కంటే సుమారు 1 మిల్లీమీటరు సన్నగా ఉండి, గొట్టాన్ని నిలబెడితే తన బరువుకే జారిపోవాలి. ఎక్కడ రాసుకుంటోందో కంటికి తెలియకపోతే, దండానికి పెన్సిల్ ముక్కు రుద్ది, గొట్టంలో పెట్టి తిప్పి బయటికి తియ్యి. మెరుస్తూ కనిపించే చోటే ఇంకా చెక్కాలి, మిగతా చోట చెయ్యి పెట్టవద్దు. కణుపుతో సహా కోసిన మరో వెదురు ముక్కను పిడిగా చేసి, అందులో దండాన్ని బిగించు. పిడి నుంచి బయటికి వచ్చే దండం పొడవు గొట్టం కంటే ఒకటిన్నర సెంటీమీటరు తక్కువ ఉండాలి. ఈ కొలత తప్పితే తుపాకీ పనిచేయదు. ఎందుకంటే గొట్టంలో ముందొకటి, వెనకొకటి కాగితపు ఉండలుంటాయి. వెనకది గొట్టం మూతి దగ్గరే ఆగి, తరవాతి దెబ్బకు ముందు ఉండగా మారాలి. గొట్టం రెండు కొసలకూ జిగురు పూసి నూలుదారం గట్టిగా చుడితే చీలదు.

ఉండలకు పాత వార్తాపత్రిక చాలు. మెత్తబడేదాకా నానబెట్టి, చుక్క కారకుండా పిండి, బెజ్జం కంటే కాస్త పెద్దగా చుట్టు. మొదటి ఉండను వెనకనుంచి పెట్టి దండంతో మూతి దాకా తొయ్యి, తరవాత రెండోది పెట్టి ఒక్క ఊపున నొక్కు. రెండింటి మధ్యా ఇరుక్కున్న గాలి ఒత్తిడి పెరిగి, ముందు ఉండ పట్టు వదలగానే ‘టప్’మని పేలుతుంది. గాలి పరిమాణం తగ్గిన మేరకు ఒత్తిడి పెరుగుతుందని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన సూత్రం ఇక్కడ అరచేతికే తెలుస్తుంది: 16 సెంటీమీటర్ల పొడవున్న గాలిని 4 సెంటీమీటర్లకు కుదిస్తే ఒత్తిడి నాలుగింతలవుతుంది, 1 సెంటీమీటరు బెజ్జంలో నీ చేయి గాలికి ఎదురుగా సుమారు రెండున్నర కిలోల బలం పెట్టాలి. బెజ్జం రెట్టింపైతే ఆ బలం పది కిలోలకు దగ్గరవుతుంది కనుకనే లావు గొట్టం వద్దన్నాను.

పేలకుండా ‘తుస్సు’మంటే గాలి కారుతోందని అర్థం. చాలావరకు లోపం ఉండలోనే ఉంటుంది: ఆరిపోయిందో, చిన్నదైందో చూడు. రెండూ కాకపోతే గొట్టంలో సన్నని చీలిక ఉన్నట్టే. మూతిని వేలితో మూసి, గొట్టాన్ని నీళ్లలో ముంచి మెల్లగా నొక్కితే బుడగలు చోటు చూపిస్తాయి. చీలిన గొట్టాన్ని అతికించాలని చూడకు, కొత్తది కొయ్యి.

తడి కాగితం తప్ప గింజలు, రాళ్లు, మేకులు అందులో పెట్టనే పెట్టకు. కాగితపు ఉండ కూడా దగ్గరనుంచి కంటికి తగిలితే చూపుకే ముప్పు కాబట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, మనుషులూ జంతువులూ లేని వైపు, గోడకు అంటించిన అట్టముక్కకే గురిపెట్టు. ఉండ ఇరుక్కుంటే మూతిలోకి తొంగిచూడవద్దు. గొట్టాన్ని నేలవైపు వంచి, గాలి కారిపోయేదాకా ఆగి, దండం తీసేసి, ముందునుంచి సన్నపుల్లతో వెనక్కి తోసెయ్యి. ఆట ముగిశాక కూడా ఉండలను లోపల వదలకు, ఎండితే గోడకు పట్టేస్తాయి.

వెదురు దొరికాక దండం చెక్కడం మొదలుపెట్టే ముందు, బెజ్జం రెండు కొసల కొలతలూ నాకు రాసి పంపు.

ఆశీస్సులతో,
తాతయ్య