ఎస్సై అవ్వాలంటే డిగ్రీలో ఏం చదవాలి?

తమ్ముడూ, ఇంటర్ అయిపోయింది, ఎస్సై అవ్వాలని ఉంది, బీకాంలో చేరాలా లేక క్రిమినాలజీ ఉన్న కాలేజీ వెతుక్కోవాలా అని అడిగావు కదా. మన తెలంగాణలో అయితే ఏ డిగ్రీ అయినా ఒకటే. కానిస్టేబుల్‌కి ఇంటర్, ఎస్సైకి డిగ్రీ, క్రిమినాలజీ చదివావని ఒక్క మార్కు కూడా ఎక్కువ రాదు. నేను గవర్నమెంట్ కాలేజీలో బీఏ చేసి వచ్చినవాణ్ణే, మా బ్యాచ్‌లో బీటెక్ వాళ్ళు కూడా బోలెడంత మంది ఉన్నారు. జాబ్ గ్యారంటీ అని లక్షలు అడిగే కోర్సుల జోలికి మాత్రం పోకు, అమ్మానాన్నల కష్టం అది.

ముందు హైట్ కొలిపించుకో. మగవాళ్ళకి మామూలుగా 167.6 సెంటీమీటర్లు ఉండాలి. తర్వాత గ్రౌండ్. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్ళకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్ళకి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పెట్టారు, చూడ్డానికి ఈజీగానే ఉంటుంది గానీ ప్రిలిమ్స్ (మొదటి రాత పరీక్ష) అయ్యాక అప్పుడు సీసీ రోడ్డు మీద పరుగు మొదలుపెట్టి కాళ్ళ ముందు ఎముక నొప్పితో కూర్చుండిపోయిన వాళ్ళని చాలామందిని చూశా, అందుకే డిగ్రీ ఫస్టియర్ నుంచే మట్టి గ్రౌండ్‌లో మెల్లగా అలవాటు చేసుకో. సివిల్ ఎస్సైకి మెరిట్ అంతా ఫైనల్స్‌లో, అంటే చివరి రాత పరీక్షలో అర్థమెటిక్ రీజనింగ్ 200, జీఎస్ (జనరల్ స్టడీస్) 200 మార్కుల మీదే, ఇంగ్లీష్ తెలుగు పేపర్లు పాసైతే చాలు.

అలాగని తెలుగుని వదిలేయకు, నిజంగా చెప్తున్నా. చట్టాలు, డ్రిల్లు, ఫైరింగ్ అన్నీ అకాడమీలో నేర్పిస్తారు, 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి ఐపీసీ పోయి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వచ్చింది కాబట్టి పాత పుస్తకాలు ఇప్పుడు బట్టీ పట్టి లాభం లేదు. కానీ రాత్రి ఒంటి గంటకి ఒకావిడ ఏడుస్తూ స్టేషన్‌కి వస్తే, ఆవిడ చెప్పేది ముందూ వెనకా కలవకుండా ఉంటుంది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు కొట్టారు, ఎవరు చూశారు అని ఓపిగ్గా అడిగి వరసగా రాసి, చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. అక్కడ ఒక్క టైమ్ తప్పు రాస్తే రేపు కోర్టులో డిఫెన్స్ లాయర్ పట్టుకునేది దాన్నే. రోజూ ఒక పేజీ తెలుగులో రాయడం ఇప్పట్నుంచే మొదలుపెట్టు.

నేర పరిశోధన సబ్జెక్టే ఇష్టం అంటే అది వేరే సంగతి. 7 ఏళ్ళు, ఆపైన శిక్ష పడే కేసుల్లో ఫోరెన్సిక్ వాళ్ళు (సైన్స్‌తో ఆధారాలు పరీక్షించేవాళ్ళు) నేరం జరిగిన చోటికి రావాలని బీఎన్ఎస్ఎస్‌లో, అంటే పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టంలో పెట్టారు, ఆ పనికి సైన్స్ చదివి ఉండాలి, బీకాంలో చేరితే ఆ దారి మూసుకుపోతుంది. నీ ఇంటర్ గ్రూప్ ఏంటో చెప్పు, దాన్ని బట్టి చెప్తా.